జానెడు ఖాళీ



చాలా కాలానికి మళ్లీ ఈ పుట తెరిచాను. ఛందస్సు గురించో, మరుగున పడిన మాటల గురించో వ్రాసుకొనే నేను నేడు ఇన్వర్టరు గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. ముప్పైయేళ్లకు పైబడి బడిపిల్లలకు గురులఘువులు నేర్పి విశ్రాంతి తీసుకొంటున్న తెలుగు పండితుణ్ణి. విద్యుత్తు విషయంలో నా పాండిత్యం మీట నొక్కడంతో సరి. అయినా ఒక రాత్రి అనుభవమూ, ఆ తరువాత ఒక శిష్యుడు నాకు చెప్పిన పాఠమూ నన్ను ఊరకుండనివ్వడం లేదు.

మా కంచికచర్ల హైదరాబాదు - విజయవాడ రహదారి మీద ఉన్నది. నందిగామ, జగ్గయ్యపేట, మా ఊరు కలిసిన ఈ మెట్టసీమ పాత కృష్ణా జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. కృష్ణా జిల్లా అనగానే కాలువలూ, వరిచేలూ మనసులో మెదులుతాయి. మాకున్నవి పత్తి, మిరప, నాపరాళ్లు, ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటినా ఇక్కడ ఎవరూ విడ్డూరంగా చెప్పుకోరు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం మాకు దగ్గరే. కాని కరెంటు పుట్టేచోటికి దగ్గరగా ఉన్నంత మాత్రాన గాలిదుమారానికి తీగలు తెగకుండా ఉండవు కదా!

నా భార్య ఏళ్ల తరబడి కట్టెలపొయ్యి ముందు కూర్చొని వంట చేసిన మనిషి. ఆ పొగ ఊరకే పోలేదు. 2018 చివరలో డాక్టరుగారు ఆమెకు రాత్రివేళ ప్రాణవాయువు అందించే యంత్రం, ఆక్సిజన్ కాన్సంట్రేటరు, పెట్టుకోవాలని చెప్పారు. అది సుమారు 350 వాట్లు తీసుకొంటుంది. కరెంటు పోతే ఆగిపోతుంది. కనుక ఇన్వర్టరు తప్పనిసరి అయినది.

దుకాణంలో రెండు చూపించారు. ఒకటి బరువైనది, చూడటానికి మోటుగా ఉన్నది. రెండవది చిన్నది, నాజూకైనది, రెండు వేలు తక్కువ కూడాను. నేను రెండవదాన్నే ఎంచుకొన్నాను. మా వరండా గోడకున్న గూటిలో అతికినట్లు సరిపోయింది. వరండాకు పైన రేకులు. దుమ్ము పడకుండా దాని మీద ఒక గుడ్డ కూడా కప్పాను. అప్పుడు నా భార్య, "అంత ఇరుకులో పెడితే దానికి గాలి ఎట్లా ఆడుతుందండీ?" అని అడిగింది. "గాలి ఆడటానికి అదేమన్నా మనిషా?" అని నేను నవ్వాను.

2019 మే నెలలో ఒక రాత్రి పదిగంటల వేళ గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకొన్నది. యంత్రం నడుస్తూనే ఉన్నది. అరగంట కాలేదు, వరండాలో ఏదో కమురు వాసన. టక్కుమని ఒక చప్పుడు. ఆ వెంటనే చీకటి. ప్రాణవాయు యంత్రం కీచుకీచుమని అరవసాగింది. ఆమె లేచి కూర్చొని రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి ఊపిరి కోసం పెనుగులాడుతున్నది. నేను విసనకర్రతో విసురుతున్నాను. లోపలికి పోవలసిన ప్రాణవాయువు చాలనప్పుడు పైన విసిరితే ఏమి ప్రయోజనమో నాకే తెలియదు. ప్రక్కింటి పిల్లవాడు వాళ్ల ఇన్వర్టరు నుండి పొడుగాటి తీగ లాగి మా యంత్రానికి తగిలించేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటను నేను ఇంతవరకూ ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఇక్కడా చెప్పలేను.

మరునాడు మెకానిక్కు పెట్టె విప్పి చూపించాడు. కెపాసిటరు అనే చిన్న స్తంభం వంటి వస్తువు తల బూరెలాగా ఉబ్బి ఉన్నది. నేను తయారీదారులను నోటికొచ్చినట్లు తిట్టాను.

2020 సంక్రాంతికి నా పూర్వ విద్యార్థి ఒకడు చూడవచ్చాడు. బెంగుళూరులో ఇటువంటి పరికరాల రూపకల్పనే అతని ఉద్యోగం. సంగతంతా విని మొదట అడిగిన ప్రశ్న, "మాస్టారూ, దాన్ని ఎక్కడ పెట్టారు?" అని. గూడు చూపించాను. రేకుల వంక చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కాగితం, కలం అడిగి నాకు పాఠం మొదలుపెట్టాడు.

ఇన్వర్టరు అంటే బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును ఇంటికి కావలసిన 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే పెట్టె. దానిలో మనం గోడకు వేసే మీట వంటివే ఉంటాయి. అవి సిలికానుతో చేసినవి. క్షణానికి వేలసార్లు తెరుచుకొని మూసుకొంటాయి. ఎంతసేపు తెరవాలి, ఎంతసేపు మూయాలి అన్న నిష్పత్తితోనే కావలసిన అలను కూర్చుతారు. "లఘువులూ గురువులూ వరుసపెట్టి పద్యపాదం నడిపినట్లే మాస్టారూ" అన్నాడు. మీట ఎంత వేగంగా కొట్టుకొంటే లోపలి తీగచుట్టలూ, కెపాసిటర్లూ అంత చిన్నవైనా చాలుతాయి, పెట్టె చిన్నదవుతుంది. అయితే మీట తెరిచి మూసిన ప్రతిసారీ కొంచెం శక్తి వేడిగా పోతుంది. వేగం పెంచితే ఆ వేడీ పెరుగుతుంది. దానిని వెళ్లగొట్టడానికి పెద్ద అల్యూమినియం రెక్కలు కావాలి. పెట్టె మళ్లీ పెద్దదవుతుంది. పరిమాణం, వేడి, ధర, ఆయుష్షు – ఒకదానిని లాగితే మరొకటి సడలుతుంది.

కాగితం మీద ఒక వంపుగీత గీశాడు. ఆ గీత మీద ప్రతి చుక్కా ఒక రూపకల్పన. ఒక గుణాన్ని తగ్గించకుండా మరొక గుణాన్ని పెంచడానికి వీలులేని అంచు అది. ఇటలీ దేశపు ఆర్థికవేత్త విల్ఫ్రెడో పరేటో పేరుతో దానిని పిలుస్తారట. జ్యూరిచ్ నగరంలోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో యోహాన్ కోలార్ బృందం విద్యుత్ పరివర్తకాలకు ఇటువంటి లెక్కలు విరివిగా కట్టిందని చెప్పాడు. "గీత వరకు తీసుకొనిపోయేది గణితం. గీత మీద ఏ చుక్క దగ్గర నిలవాలో గణితం చెప్పదు మాస్టారూ. అది మనిషి చెప్పాలి" అన్నాడు. పద్యం కట్టిన వారికి ఇది కొత్త కాదు. యతి కోసం ఒక మాట మారిస్తే భావం జారుతుంది. భావం నిలిపితే ప్రాస తప్పుతుంది. ఏది వదులుకోవాలన్నది ఛందోగ్రంథంలో ఉండదు.

ఉదాహరణలు అడిగాను. రెండు చెప్పాడు.

మొదటిది మన విశాఖపట్నంలోని గాజువాకది. దక్షిణాది గ్రిడ్డు 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు 765 కిలోవోల్టుల మార్గంతో తక్కిన దేశంతో ఒకే లయలో కలిసింది. అంతకు ముందు దాని లయ వేరు. రెండు లయలను నేరుగా ముడివేయరాదు కనుక, తూర్పు గ్రిడ్డుకూ దక్షిణ గ్రిడ్డుకూ నడుమ గాజువాకలో ఒక పరివర్తన కేంద్రం కట్టారు. ఒకవైపు ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చి, మరొకవైపు మళ్లీ ఏకాంతరంగా మార్చి ఇచ్చే కేంద్రమది. 1999లో 500 మెగావాట్లు, 2005లో మరొక 500. అక్కడ పరికరం ఎంత పెద్దదైనా చింత లేదు. పెద్ద భవనమే కడతారు. కాని నూటికి ఒక్క వంతు నష్టమైనా 500 మెగావాట్లలో 5 మెగావాట్లు. నేను లెక్కవేసుకొన్నాను: మా ఇంటి ప్రాణవాయు యంత్రం వంటివి 14 వేలు నడుస్తాయి. అక్కడ నష్టం తగ్గించడమే ప్రధానం.

రెండవది అమెరికాది. 2014లో గూగుల్ సంస్థ, ఐఈఈఈ కలిసి "లిటిల్ బాక్స్ ఛాలెంజ్" అనే పోటీ పెట్టాయి. 2 కిలోవాట్ల ఇన్వర్టరు 40 ఘనపు అంగుళాల లోపు ఇమడాలి. పై తొడుగు 60 డిగ్రీలు మించరాదు. బహుమతి 10 లక్షల డాలర్లు. 2016లో బెల్జియం జట్టు ఒకటి గెలిచింది. దాని పెట్టె సుమారు 14 ఘనపు అంగుళాలట, అంటే మంచినీళ్ల గ్లాసంత! సిలికానుకు బదులు గాలియం నైట్రైడుతో చేసిన మీటలు వాడారు. అక్కడ పరిమాణమే ప్రధానం.

"మరి మా ఇంట్లో ఏది ప్రధానం?" అని అడిగాను.

"అమ్మగారి ఊపిరి" అన్నాడు.

తరువాత కెపాసిటరు లెక్క చెప్పాడు. ఆ రకం కెపాసిటరుకు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని వాడుకలో ఉన్న సూత్రం. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసేది 65 దగ్గర 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లకు పైగా ఉంటుంది. 75 దగ్గర అందులో సగం. 85 దగ్గర ఒక్క ఏడాదికీ చాలదు. "మేము గది వేడి 40 డిగ్రీలనుకొని లెక్కవేస్తాము. మీ గూటిలో, రేకుల క్రింద, గుడ్డ చాటున ఎంత ఉండి ఉంటుంది మాస్టారూ?" నేను జవాబు చెప్పలేదు. గుడ్డ కప్పింది నేనే. తప్పు వారిదెంతో, నాదెంతో ఆ రోజు నుండి సరిగా తేల్చుకోలేకపోతున్నాను.

11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు "ఔచిత్యవిచారచర్చ" వ్రాశాడు. గుణమైనా అలంకారమైనా తనకు తగిన చోట ఉంటేనే రాణిస్తుందన్నది ఆయన సిద్ధాంతం. దానిని ఏళ్ల తరబడి చదివాను, నలుగురికీ చెప్పాను. కాని ఆ నాజూకు పెట్టె కొనేటప్పుడు గుర్తురాలేదు. ఏ గదికి, ఏ ఎండకు, ఎవరి కొరకు అని చెప్పకుండా "ఉత్తమం" అనే మాటకు అర్థం లేదు.

శిష్యుడు తిరిగి వెళ్లి తన కార్యాలయంలో గది వేడి 50 డిగ్రీలుగా తీసుకొని లెక్క కట్టాలని వాదించాడట. ధర పెరుగుతుందని చాలాకాలం ఒప్పుకోలేదు. చివరకు ఒక్క నమూనాకు ఒప్పుకొన్నారు. తక్కినవాటికి పెట్టె మీద తెలుగులో ఒక హెచ్చరిక అతికించడానికి అనుమతి దొరికింది. ఆ పని నాకు అప్పగించాడు.

నేను ఉత్సాహంగా నాలుగు వరుసలు వ్రాసి పంపాను. "వాయుప్రసారము లేని ప్రదేశములయందు" అని మొదలవుతుంది. "మాస్టారూ, చీటీ అగ్గిపెట్టెంతే. పైగా మా అమ్మకు కూడా అర్థం కావాలి" అని ఫోను చేశాడు. అర మాత్ర ఆదా చేసినా పండుగ చేసుకొనే వైయాకరణుల వారసుణ్ణని గొప్పలు చెప్పుకొనేవాణ్ణి. మూడు రోజులు కొట్టివేతలతోనే గడిచాయి. చివరకు ఎనిమిది మాటలు మిగిలాయి:

గూట్లో పెట్టవద్దు. గుడ్డ కప్పవద్దు. చుట్టూ జానెడు ఖాళీ ఉంచండి.

నా భార్యకు చదివి వినిపించాను. "వద్దు వద్దు అంటున్నారు గాని ఎందుకో చెప్పరేం?" అన్నది. "నువ్వే చెప్పు" అన్నాను. "దీనికీ గాలి కావాలి అని వ్రాయండి" అన్నది. దానిని మొదటి వాక్యంగా చేర్చి పంపాను. అచ్చయి వచ్చినప్పుడు ఆ వాక్యం లేదు. స్థలం చాలలేదట.

ఇప్పుడు మా ఇన్వర్టరు హాలులో, ముక్కాలిపీట మీద, గోడకు జానెడు ఎడంగా ఉన్నది. బరువైనది, మోటుది. వచ్చినవాళ్లు "దీన్ని ఏ మూలైనా పెట్టించరాదా?" అంటారు. ప్రక్కగదిలో ఆమె యంత్రం మెల్లగా మ్రోగుతూ ఉంటుంది. అచ్చులో చోటు దొరకని ఆ వాక్యాన్ని ఒక కాగితం మీద నా చేవ్రాలుతో వ్రాసి మా పెట్టెకు అతికించాను.

ఇది చదివిన తరువాత ఒకసారి లేచి మీ ఇంట్లోని పెట్టె ఎక్కడ ఉన్నదో చూడండి. దాని మీద గుడ్డ ఉంటే తీసివేయండి.

సెలవు.