మా పాత బండిమీద చిన్న గది



యోసేపు తన తండ్రిని ఐగుప్తునకు పిలిపించుకొన్నప్పుడు కబురు మాత్రమే పంపలేదు, బండ్లు కూడా పంపాడు. కుమారుడు బ్రతికి ఉన్నాడన్న మాట విని యాకోబు మొదట నమ్మలేకపోయాడు. తనను తీసుకొనిపోవడానికి వచ్చిన బండ్లను కళ్ళారా చూచిన తరువాతనే ఆ వృద్ధునికి ప్రాణం లేచి వచ్చింది. ఆదికాండము 45వ అధ్యాయములో ఈ సంగతి చదువుతాము. నడవగలిగినవారికి కబురు చాలు. నడవలేనివారికి బండి కావాలి. ఒక పాత పికప్పు బండిమీద మేము కట్టుకొన్న చిన్న గదిని గురించి, దానితో డోర్నకల్, మెదక్ దేవాలయములను దర్శించిన ప్రయాణమును గురించి మన పత్రిక కుటుంబముతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. పత్తి, మిరప సాగు చేసుకొని బ్రతుకుతున్నాము. మా ఇంట్లో అమ్మకు 82 ఏళ్ళు. మూడేళ్ళ క్రిందట పక్షవాతము వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు స్వాధీనం తప్పాయి. ఒకరు పట్టుకొంటే ఇంట్లో నాలుగడుగులు వేస్తుంది. బస్సు మెట్టు ఎక్కలేదు. లాడ్జీల మెట్లు సరేసరి. అన్నిటికంటె పెద్ద ఇబ్బంది దారిలో కాలకృత్యములు. మగవారికి ఎక్కడైనా గడిచిపోతుంది, ముసలి ఆడమనిషికి అట్లా గడవదు. అందుచేత ఎక్కడికి బయలుదేరినా "నేను వస్తే మీకందరికీ ఇబ్బంది బిడ్డా, మీరు పోయి రండి" అనేది. 2024 డిసెంబరు 25న మెదక్ దేవాలయానికి నూరేళ్ళు నిండాయని విన్నప్పుడు మాత్రం, "పెండ్లయిన కొత్తలో మీ నాయన తీసుకుపోయిండు. ఆ రంగుటద్దాల కిటికీలు ఇంకొక్కసారి చూస్తే బాగుండు" అన్నది. అంతకు మించి అడగలేదు.

గది కట్టిన విధము

అమెరికా దేశంలో పికప్పు తొట్టిలో చిన్న గదిని దించుకొని, ఆగినచోట అందులోనే పడుకొంటూ ప్రయాణాలు చేసే అలవాటు చాలాకాలంగా ఉన్నది. ఆ గదిని వారు క్యాంపర్ అంటారు. మన ఊళ్ళలో క్యాంపర్ అంటే ముందు రెండు వరుసల సీట్లు, వెనుక సామాను తొట్టి ఉన్న మహీంద్రా బండి. మాకున్నది అదే. పన్నెండేళ్ళ పాతది. మిరప బస్తాలు, ఎరువులు మోసి మోసి తొట్టి సొట్టలు పడింది గాని ఇంజను ఇంకా గట్టిగానే ఉన్నది. ఆ పేరుకు తగినట్టుగా దానిమీద ఒక గది ఎందుకు పెట్టకూడదని మాకు తోచింది. 2025 ఏప్రిల్‌లో మిరప అమ్మకము ముగిసిన తరువాత పని మొదలుపెట్టాము.

మొదట ఒక సంగతి తేల్చుకొన్నాము. గది బండికి అతుకు కాకూడదు. రిజిస్ట్రేషనులో వ్రాసి ఉన్న రూపానికి భిన్నంగా బండిని మార్చాలంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము అనుమతి కావాలి. కాబట్టి బండికి ఒక్క రంధ్రము వేయలేదు, ఒక్క వెల్డింగు పెట్టలేదు. గది వేరుగా తయారవుతుంది, తొట్టిలో సామానులాగ దిగుతుంది. ఇటువంటిది చేయదలచినవారు ముందుగా రవాణా కార్యాలయములో అడిగి తెలుసుకొని చేయడము మంచిది. రెండవ సంగతి ఇంకా ముఖ్యము. బండి కదులుతున్నప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదు. సామాను తొట్టిలో మనుషులను ఎక్కించడము చట్టానికి విరుద్ధము, ప్రాణానికి ముప్పు. ప్రయాణమంతా అందరము ముందు సీట్లలోనే. గది రాత్రి పడకకు, పగటి విశ్రాంతికి మాత్రమే.

తొట్టిని టేపుతో కొలిస్తే అడ్డము ఐదున్నర అడుగులు, పొడవు ఐదడుగులకు కొంచెము తక్కువ వచ్చింది. పెద్దవాళ్ళు కాళ్ళు చాపి పడుకోవడానికి చాలదు. అయితే మా అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. అడ్డంగా మంచము వేస్తే ఆమెకు సరిగ్గా సరిపోతుంది. మంచము కొలత చెప్పినప్పుడు మా ఊరి వడ్రంగి ఆశ్చర్యపడి, "ఇంత పొట్టి మంచము ఏ పిల్లగాని కోసమన్నా?" అని అడిగాడు. అమ్మ కోసమని చెబితే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మంచము కోడు పక్కన పట్టుకొని లేవడానికి ఒక కర్ర బిగిస్తా. నాకు కూలి వద్దు" అన్నాడు. కూలి ఇచ్చాము గాని ఆ కర్ర మాత్రము ఆయన ఇచ్చిన కానుకే.

చట్రానికి అంగుళము చదరపు ఇనుప గొట్టము వాడాము. సుమారు నూరు అడుగులు పట్టింది, దాని బరువు 35 కిలోలు. బయట పలుచని అల్యూమినియము రేకు, లోపల పలుచని ప్లైవుడ్, రెంటి నడుమ అంగుళము మందము థర్మకోల్. ఎండ వేడి లోపలికి, రాత్రి చలి లోపలికి రాకుండా ఈ థర్మకోల్ ఆపుతుంది. నేలకు మాత్రము నీటికి చెడని 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేశాము. పైకప్పు వెనుకకు కొంచెము వాలుగా ఉంచి తెల్లరంగు పూశాము. తెల్లరంగు ఎండను తిప్పికొడుతుంది, వాలు వాననీటిని నిలువనీయదు. అతుకులన్నిటికి సిలికాన్ పెట్టి, జూలై వానల్లో వాకిట్లో నిలిపి పరీక్షించాము. ఒక్క చుక్క దిగలేదు.

ఎదురెదురుగా రెండు కిటికీలు, వాటికి దోమల జాలీలు. ఒక పాత బ్యాటరీ, పైకప్పుమీద చిన్న సోలారు పలక, దానితో నడిచే 12 వోల్టుల ఫ్యాను, ఒక దీపము. గదిలో పొయ్యి పెట్టలేదు, పెట్టరాదు. మూసిన చిన్న గదిలో గ్యాసు వెలిగించినా, పడుకొన్నప్పుడు ఇంజను నడుస్తూ ఉన్నా వాసన తెలియని విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణము తీస్తుంది. వంట బయటనే, ఇంజను బందు చేసిన తరువాతనే పడక. కిటికీ ఒకటైనా ఎప్పుడూ తెరిచి ఉండాలి.

తొట్టిలో రబ్బరు పట్టా పరచి, దానిమీద గదిని దించి, నాలుగు మూలలా గొలుసులు వేసి బిగించే మరలతో తొట్టి కొక్కాలకు కట్టాము. నలుగురు మనుషులుంటే అరగంటలో గది దిగుతుంది, బండి మళ్ళీ బస్తాలకు సిద్ధము. రైసుమిల్లు కాటామీద గది లేకుండా ఒకసారి, గదితో ఒకసారి తూచితే తేడా 190 కిలోలు వచ్చింది. బరువు తక్కువే అయినా ఎత్తు పెరిగింది కనుక మలుపుల్లో నెమ్మదిగా పోవాలి, చెట్టుకొమ్మలు, కరెంటు తీగలు చూచుకోవాలి. గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదని మేము నియమము పెట్టుకొన్నాము.

షూనేము పట్టణపు ఇల్లాలు దైవజనుడైన ఎలీషా కోసము మేడమీద చిన్న గది కట్టించి, అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము పెట్టించిన సంగతి రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఉన్నది. మా గదిలోనూ దాదాపు ఆ నాలుగే. వాటికి తోడు రెండు వస్తువులు: గట్టి పట్టుకర్ర ఉన్న మూడు మెట్ల చెక్కపీట ఒకటి, కమోడ్ కుర్చీ ఒకటి. గది వెనుక తలుపుకు టార్పాలిన్ తెర కడితే ఆ కుర్చీకి చాటు దొరుకుతుంది. అమ్మను ఇల్లు కదిలించినది ఆ తెర, ఆ కుర్చీ అని చెబితే అబద్ధము కాదు.

డోర్నకల్

నవంబరు నెల మధ్యలో బయలుదేరాము. పత్తి తీత సాగుతున్నది కాబట్టి నాలుగు రోజులకు మించి వీలుకాదు. అమ్మ, మేమిద్దరము, మా అబ్బాయి, మొత్తము నలుగురము. మొదటి మజిలీ డోర్నకల్.

కొత్తగూడెము వైపు రైలుమార్గము చీలే ఈ జంక్షనును రైళ్ళలో పోయేవారు చాలామంది చూచి ఉంటారు. ఊళ్ళోకి దిగి ఎపిఫనీ దేవాలయమును చూచినవారు తక్కువ. తిరునల్వేలి ప్రాంతమునుండి 1909లో ఇక్కడికి సువార్తికుడుగా వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తెలుగు నేర్చుకొని తెలుగువారిలో ఒకరయ్యారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్పు ఆయనే. ఆయన కట్టించిన ఈ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. స్తంభములు మన దక్షిణదేశపు గుళ్ళ స్తంభములవలె, గుమ్మటములు మసీదు గుమ్మటములవలె ఉంటాయి. పరాయిదేశపు భవనములాగ కాక, ఈ నేలమీద పుట్టిన భవనములాగ కనిపిస్తుంది. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు.

ఆయన ఎడ్లబండిమీద, సైకిలుమీద పల్లెపల్లెకు తిరిగేవారు. ఆ రోజుల్లో సేవకులు గుడారముతో పోయి ఊరి వెలుపల మకాము వేయడాన్ని క్యాంపు అనేవారు. మా అమ్మ చిన్నతనములో ఆ మాట విన్నది. "వాళ్ళు బండి కట్టుకొని మన దగ్గరికి వచ్చిండ్రు. ఇప్పుడు మనము బండి కట్టుకొని వాళ్ళ దగ్గరికి వచ్చినము" అన్నది.

ఆ రాత్రి ఎరిగినవారి వాకిట్లో బండి నిలిపాము. ఆడవారు ఇద్దరు గదిలో, మగవారు ఇద్దరము టార్పాలిన్ క్రింద. చలి బాగానే ఉన్నది గాని గదిలో వెచ్చగా ఉన్నదట.

దారిలో ఒక పల్లె

డోర్నకల్‌నుండి మహబూబాబాద్, వరంగల్, సిద్దిపేట, రామాయంపేటల మీదుగా మెదక్ చేరడానికి సుమారు 250 కిలోమీటర్లు. దానిని రెండు రోజులకు పంచుకొన్నాము. గంటన్నరకు ఒకసారి ఆగి అమ్మను దింపి కాళ్ళు ఆడించేవారము.

వరంగల్ దాటిన తరువాత చీకటి పడుతుండగా ఒక పల్లెలో చిన్న మందిరము కనబడింది. పాస్టరుగారిని అడిగితే, "దానికేమమ్మా, మన ఇల్లే అనుకోండి" అని వాకిలి చూపించారు. కొద్దిసేపటికి ఊరి ఆడవారు గదిని చూడటానికి వచ్చారు. మెట్లపీట ఎక్కి దిగి, మంచము తట్టి చూచి నవ్వుకొన్నారు. వారిలో డెబ్బయి ఏళ్ళ పెద్దమ్మ ఒకామె అమ్మ ప్రక్కన కూర్చుని ఇట్లా అన్నది: "మీరు మెదక్ దాకా పోతున్నరక్కా. మా ఆయన కాళ్ళు పడిపోయి రెండేళ్ళయింది. మందిరము మా ఇంటికి రెండు ఫర్లాంగులు. ఈ రెండేళ్ళలో ఒక్కనాడు ప్రభువు బల్లకు రాలేదు."

ఆమె ఫిర్యాదుగా అనలేదు. సంగతి చెప్పినట్టు చెప్పింది. మరునాడు ఉదయము పాస్టరుగారితో కలిసి వారింటికి వెళ్ళి ప్రార్థన చేసి వచ్చాము. అక్కడనుండి మెదక్ చేరేవరకు బండిలో ఎవరము ఎక్కువగా మాట్లాడుకోలేదు.

మెదక్

మెదక్ దేవాలయపు గోపురము ఎంతో దూరమునుండే కనబడుతుంది. దాని ఎత్తు 175 అడుగులు. దేవాలయము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు దీనిని 1914లో మొదలుపెట్టారు. 1924 క్రిస్మస్ దినమున ప్రతిష్ఠ జరిగింది. ఆ పదేళ్ళలో కరువు వచ్చినప్పుడు చుట్టుపక్కల బీదజనానికి ఇక్కడ పని, ఆ పనికి అన్నము దొరికినవి. ఇంత పెద్ద ఆలయము ఎందుకని ఎవరైనా అడిగితే, ఆకలిగొన్న చేతులు కట్టిన ఆలయమిది అని చెప్పవచ్చు.

గుమ్మము ముందున్న మెట్లు అమ్మ ఎక్కలేకపోయింది. మా అబ్బాయి, దర్శనానికి వచ్చిన ఒక ముస్లిము యువకుడు కలిసి కుర్చీతో సహా ఆమెను ఎత్తి లోపల దింపారు. ఆ అబ్బాయి పేరు అడిగేలోపే వెళ్ళిపోయాడు.

రంగుటద్దాల కిటికీలు మూడు: ప్రభువు జననము, సిలువ మరణము, ఆరోహణము. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ పనితనము. ఈ బొమ్మలు రాత్రివేళ కనబడవు. దీపాలు ఎన్ని పెట్టినా లోపలివారికి నల్లగానే ఉంటాయి. బయటనుండి సూర్యుని వెలుగు పడితేనే రంగులు లేస్తాయి. అమ్మ ముందుగా జననపు కిటికీ ఎదుట, తరువాత ఆరోహణపు కిటికీ ఎదుట కూర్చున్నది. సిలువ కిటికీ దగ్గర ఎక్కువసేపు ఉన్నది. కుడిచేతితో ఎడమచేతిని పట్టుకొని ఒడిలో పెట్టుకొని ప్రార్థించింది. ఏమి ప్రార్థించిందో మేము అడగలేదు. బయటికి వచ్చిన తరువాత ఒక మాట అన్నది: "ఆ ఊరిలో ఆయనను ఎవరైనా మందిరానికి ఎత్తుకుపోతే బాగుండు."

ఇంటికి వచ్చిన తరువాత

ఇంటికి రాగానే గది దింపి పత్తి పనిలో పడ్డాము. గది ఇప్పుడు పశువులపాక ప్రక్కన దిమ్మెలమీద ఉన్నది. దేవుని చిత్తమైతే ఎండలు ముదరకముందే ఇంకొక ప్రయాణము.

కాని మెట్లపీట మాత్రము బండిలోనే ఉన్నది. మా సంఘములో మంచము పట్టినవారు, నడవలేనివారు ఎవరెవరని సంఘపెద్దలతో కూర్చుని లెక్క చూస్తే ఏడుగురు తేలారు. వారిలో ఐదుగురి ఇండ్లు మందిరానికి అర కిలోమీటరులోపే. ఇప్పుడు నెలలో మొదటి ఆదివారము మా బండి రెండు తిరుగుళ్ళు తిరుగుతుంది. ముందు సీట్లలోనే ముగ్గురేసి చొప్పున వస్తారు. రాలేని ఒకరి ఇంటికి ఆరాధన తరువాత పాస్టరుగారు సంస్కారము తీసుకొనిపోతున్నారు. దీనికి పెద్ద ఖర్చు లేదు. మూడు మెట్ల పీట, పట్టుకోవడానికి ఒక చేయి, కొంచెము డీజిలు.

ప్రియ పాఠకులారా, అందరూ బండిమీద గది కట్టుకోవాలని మేము చెప్పడము లేదు. మీ సంఘములో ఖాళీగా ఉన్న చోట్లు ఎవరివో ఈ ఆదివారము ఒకసారి చూడండి. వారికి "ప్రార్థిస్తున్నాము" అనే కబురుతో పాటు ఒక బండి కూడా పంపండి. ఆటో అయినా సరే, ఎడ్లబండి అయినా సరే. వృద్ధాప్యములో ఉన్నవారిని విడువని దేవుడు మన పల్లెల్లోని పెద్దలందరినీ తన మందిరములో సంతోషపరచునుగాక. ఆమేన్.