హాస్పిస్‌లో చేర్చే ముందు

నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే చోటే హాస్పిస్. “ఫలానా హాస్పిస్ మంచిదేనా?” అని ఈ మధ్య ఒకరిద్దరు అడిగారు. ఏసీ గదులు, రిసెప్షన్ చూసి తేల్చుకోకండి. మొదటి ప్రశ్న: తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రలు ఉన్నాయా? 2014లో మత్తుమందుల చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వీటిని తెచ్చిపెట్టుకోవడం సులువైంది. ముదిరిన క్యాన్సర్ నొప్పికి “పారాసిటమాల్ ఇస్తాంలెండి” అంటే లేచి వచ్చేయండి.

రెండోది, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు? అవసరమైతే నర్సు ఇంటికి వస్తారా?

మూడోది, వార్డులో ఒక చుట్టు తిరగండి. మంచాన ఉన్నవాళ్లని వేళకి పక్కకి తిప్పుతున్నారా, ఎండిన నోరు తడుపుతున్నారా? పుండ్ల సంగతి మీ ముక్కే చెప్పేస్తుంది.

నాలుగోది, నా దృష్టిలో అసలైనది. డాక్టరు రోగితో మాట్లాడతాడా, కొడుకులని వరండాలోకి పిలిచి చెప్తాడా? పెద్దాయనకి ఏం కావాలో పెద్దాయన్నే అడిగే చోటు మంచిది.

డబ్బు ఒక్కటే కొలత కాదు. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగానే చూస్తుంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) కేంద్రాలూ ఉన్నాయి. అడ్వాన్సు కట్టే ముందు వాటినీ ఒకసారి కనుక్కోండి.