చుక్కలను నమ్ముకుంటే

చుక్కలున్న చిన్న పురుగు ఏది కనిపించినా అక్షింతల పురుగే అనుకునేవాణ్ని. పేనుబంకను తింటుంది, దాని జోలికి పోవద్దని ఎక్కడో చదివాను. రావిర్యాలలో మా పెరటి పందిరి చిక్కుడు మీద, నల్లటి ఒంటిపై తెల్లని, ఎర్రని చుక్కలతో ఓ గుంపు కనిపిస్తే సంబరపడి, కొట్టబోయిన వేప కషాయం కూడా పక్కన పెట్టేశాను.

కాయలు ముదిరాక ఒలిస్తే గింజలు ముడుచుకుపోయి, మచ్చలు పడి ఉన్నాయి. పక్కింటి పెద్దమ్మ ఒక పురుగును నలిపి వేలు నా ముక్కు దగ్గర పెట్టింది: "గిది నల్లి బిడ్డా, అక్షింతలు కాదు." నిజానికి అక్షింతల పురుగు కూడా ముట్టుకుంటే వాసన వదులుతుంది, కాబట్టి కంపొక్కటే సాక్ష్యం కాదు.

అవి పచ్చ కంపునల్లి పిల్లలు. ఈ నల్లిని జీవశాస్త్రవేత్త లినేయస్ 1758లోనే వర్ణించాడు. శాస్త్రీయ నామం నెజారా విరిడులా. పెద్దదయ్యాక డాలు ఆకారంలో, సెంటీమీటరు దాటి, ఒళ్లంతా పచ్చగా ఉంటుంది. వీపు మధ్య ముక్కోణపు పెంకు మొదట్లో మూడు తెల్లచుక్కలు వరుసగా కనిపిస్తాయి. పిల్లలకు ఐదు దశలు. కుబుసం విడిచినప్పుడల్లా రంగులు మారిపోతాయి, నేనేమో ఆ రంగులనే నమ్ముకున్నాను! ఆకు అడుగున పీపాల్లా చిన్న మూతలతో, ఒత్తుగా పేర్చినట్టున్న గుడ్లను చూసినా అనుమానం వచ్చేది. అక్షింతల పురుగు గుడ్లు కోలగా, పసుపు రంగులో నిలబడి ఉంటాయి. పెద్ద అక్షింతల పురుగుకు వీపు నడుమ రెక్కల పెంకులు కలిసే గీత ఉంటుంది, నల్లి పిల్లకు రెక్కలే ఉండవు. వెల్లకిలా తిప్పితే కాళ్ల మధ్య సూదిలాంటి ముక్కు దొరుకుతుంది.

కోపంలో ఇంకో తప్పు చేశాను. డాలు ఆకారమున్న ప్రతిదాన్నీ సబ్బు నీళ్లలో ముంచాను. వాటిలో భుజాల మీద ముళ్లున్న గోధుమరంగువి కూడా ఉన్నాయి. ఒకదాని ముక్కుకు లద్దెపురుగు వేలాడుతున్నా ఆగలేదు. అది ఇయోకాంతెకోనా, అదే కుటుంబంలో పుట్టిన వేటగాడు. దాని ముక్కు లావుగా ఉంటుంది.

ఇప్పుడు చలికాలం పొద్దున్నే, అవి మందకొడిగా ఉన్నప్పుడే తిప్పి చూస్తాను. సన్నముక్కువి నీళ్లలోకి పోతాయి, లావుముక్కువి కొమ్మ మీదికి. నల్లబడిన గుడ్లను మాత్రం తెంపను. వాటిలో చాలావరకు ట్రిస్సోల్కస్ లాంటి సన్నటి కందిరీగల పిల్లలు పెరుగుతుంటాయి.