నాన్నగారి గొంతు, తొమ్మిదంగుళాల పెట్టె

మా అన్నదమ్ములిద్దరికీ స్పీకరు పెట్టెలు కట్టే పిచ్చి ఉన్న సంగతి ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి తెలిసిందే. న్యూజెర్సీ చలికాలంలో మేము బేస్‌మెంటులో రంపంపొట్టు మధ్య కూర్చుంటే ఇంట్లోవాళ్ళు కాఫీకి పిలవడం కూడా మానేశారు.

కిందటి చలికాలం కట్టిన జత మాత్రం ఒక కేసెట్టు కోసం. 1982లో నాన్నగారు తెనాలి నుంచి, ఉత్తరానికి బదులుగా, మాట్లాడి పంపిన కేసెట్టు అది. పంటల సంగతి, పెళ్ళిళ్ళ సంగతి, చివర గజేంద్రమోక్షంలోంచి నాలుగు పద్యాలు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఆవిడకి వినిపించాలని మా తాపత్రయం.

ఆరంగుళాల స్పీకరు, తొమ్మిదంగుళాల వెడల్పు పెట్టె. కొలతల్లో మేము ఎవరికీ తీసిపోము! మీటరు దూరంలో మైకు పెడితే మూడున్నర మిల్లీసెకన్లు తిరక్కుండానే నేల మీంచి ప్రతిధ్వని వచ్చి పడుతుంది. అంచేత 300 హెర్ట్‌జ్‌కి కింద ఆ కొలత నమ్మరాదు. దీనికి కీల్ అనే ఆయన 1974లో ఒక ఉపాయం రాశాడు: మైకుని కోనుకి ఆనీ ఆనకుండా పెడితే గది గొడవే ఉండదు. కింది స్వరాలు అలా కొలిచి, పైవి మీటరు దూరం నుంచి కొలిచి, రెండు గీతల్నీ 800 దగ్గర ఎత్తు సరిచేసి అతికించాము. గీత బల్లపరుపుగా వచ్చింది. పొంగిపోయాము.

అమ్మ రెండు నిమిషాలు విని, "ఒరేయ్, ఇది మీ నాన్నగారి గొంతు కాదురా. జలుబు చేసిన మీ బాబాయి గొంతు" అంది.

పాత కేసెట్టు కదమ్మా అన్నాము. గ్రాఫు చూపించాము. ఆవిడ దాని వంక చూడనైనా లేదు. పరీక్షకని హెడ్‌ఫోనులు పెడితే, "ఆఁ, ఇదీ ఆయన" అంది. ఇంక కేసెట్టు మీద నెపం వేయడానికి వీల్లేకపోయింది.

తప్పు ఎక్కడుందో తేలడానికి వారం పట్టింది. హరికథ దాసుగారు గోడకి వీపు చేసి పాడితే ఒక తీరు, పొలంలో నిలబడి పాడితే ఒక తీరు. 1000 హెర్ట్‌జ్ అల పొడుగు పదమూడంగుళాల పైచిలుకు. అంతకన్న పై స్వరాలకి మా పెట్టె ముందు పలక గోడలా నిలిచి, ధ్వనిని మన వైపే తోస్తుంది. 100 హెర్ట్‌జ్ అల పదకొండు అడుగులు. దానికి ఈ పెట్టె లెక్కేమిటి? చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది. రెంటికీ తేడా 6 డెసిబెళ్ళ దాకా. పెట్టె వెడల్పుని మీటర్లలో వేసి 115ని దానితో భాగిస్తే ఆ మెట్టు నడిమి చోటు తెలుస్తుంది. మాది 500 హెర్ట్‌జ్. మగవాడి గొంతులోని గుండె బలమంతా దాని కిందే ఉంది. కోనుకి ఆనించిన మైకుకి పెట్టె అంచులు కనపడవు గనక, ఈ నష్టం మా గీతలోకి రానేలేదు.

సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటుంది. ఆర్.సి.ఎ. వారి హ్యారీ ఓల్సన్ రకరకాల ఆకారాల పెట్టెల మీద స్పీకరు పెట్టి కొలిచి 1951లోనే అచ్చు వేయించాడు. గోళం అన్నిటికన్న నునుపైన గీత ఇచ్చింది. గుండ్రటి పలక నడిమధ్య పెట్టినది ఎగుడుదిగుడులతో నిండిపోయింది, అంచులన్నీ సమదూరంలో ఉన్నాయి గనక. ఆయన పనిచేసిన ప్రిన్స్‌టన్ మా ఇంటికి కూతవేటు దూరం.

ఈ రోజుల్లో ఆ లెక్క కంప్యూటరే వేసి పెడుతుంది. విట్యుయిక్స్‌క్యాడ్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాముకి పలక పొడుగు, వెడల్పు, స్పీకరు చోటు చెబితే పెట్టె చేసే మార్పు గీసి ఇస్తుంది. దాన్ని ముందు దగ్గరి కొలతకి కలిపి, తరవాత దూరపు కొలతతో అతకాలి. అలా అతికితే బల్లపరుపు కాస్తా కింది వైపు జారిపోయింది. అమ్మ చెవి చెప్పిందీ అదే.

గది గోడలు కొంత తిరిగి ఇస్తాయి గనక 4 డెసిబెళ్ళే సరిదిద్దాము: ఒకటిన్నర మిల్లీహెన్రీ చుట్ట, పక్కన 4.7 ఓముల రెసిస్టరు, ఈ జంట స్పీకరుకి వరసలో. ఇది కింది స్వరాలని పెంచదు, పైవాటిని తగ్గిస్తుంది. వాల్యూము కాస్త ఎక్కువ తిప్పాలి, అంతే.

ఆదివారం మళ్ళీ పెట్టాము. పద్యాలకి ముందు నాన్నగారు ఒకసారి గొంతు సవరించుకుంటారు. అక్కడ అమ్మ చెయ్యెత్తి, "ఆపరా. అది మళ్ళీ పెట్టు" అంది. నాలుగుసార్లు పెట్టాము. పద్యాల దాకా ఆ రోజు వెళ్ళనేలేదు.