దారి ఎటు పోతే ఊరు అటు

టెక్సస్‌లో నల్లరేగడి ఉంటుందని అక్కడికి వెళ్లేదాకా నాకు తెలియదు. డాలస్‌కు ఉత్తరాన, ఫ్రిస్కోలో మా మేనల్లుడి ఇంటి పెరట్లో పచ్చిక లేనిచోట నేల నెర్రెలిచ్చి ఉంది. గోడ వారగా చిల్లుల గొట్టం పరిచి నీళ్లు వదులుతున్నాడు. పూలమొక్కలకేమో అనుకున్నాను. ‘‘పునాదికి మావయ్యా’’ అన్నాడు. ఎండకు రేగడి ముడుచుకుపోతే కింద వేసిన కాంక్రీటు పగులుతుందట. అందుకని వేసవంతా ఇంటికి తడిపెట్టాలి. పత్తి, గోధుమ, జొన్న పండిన నేల. ఇప్పుడు దాని మీద వరసగా ఇటుక ఇళ్లు పండుతున్నాయి.

పాత ఊళ్లో ఉన్న హెరిటేజ్ మ్యూజియం చూపించమన్నాను. మావాడు ఇన్నేళ్లుగా ఆ పక్కనుంచే ఆఫీసుకు పోతున్నా లోపలికి అడుగుపెట్టలేదు. మన చార్మినార్ సంగతీ అంతేగా!

అక్కడ తెలిసిన మొదటి సంగతి, ఫ్రిస్కో కంటే ముందు లెబనాన్ అనే ఊరు ఉండేదని. టెక్సస్ పశువుల మందలను ఉత్తరాదికి తోలుకెళ్లే షానీ బాట పక్కన, ఎత్తయిన గట్టు మీద వెలసింది. 1902లో రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్లకు దారిలో అక్కడక్కడా నీళ్లు పట్టాలి. గట్టు మీద అది కుదరదని, నాలుగు మైళ్లు పడమటగా, పల్లంలో స్టేషను పెట్టారు. లెబనాన్ వాళ్లు మా ఊరికే రైలు రావాలని పట్టుబట్టి కూర్చోలేదు. కొందరు ఏకంగా తమ ఇళ్లనే దుంగల మీద దొర్లించుకుంటూ పట్టాల దగ్గరికి తెచ్చుకున్నారు. కొత్త ఊరికి భూమి యజమాని పేరున ఎమర్సన్ అని పెడితే, అలాంటి పేరుతో టెక్సస్‌లో ఇంకో ఊరుందని పోస్టాఫీసు ఒప్పుకోలేదు. చివరికి సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే ముద్దుపేరే ఊరికి దక్కింది. 1908లో పురపాలక సంఘమైంది. ఇల్లు కదిలించుకుని దారి దగ్గరికి పోయే ఆ బుద్ధి నన్ను ఆకట్టుకుంది. తరవాతి కథంతా అదే అనిపించింది.

ఆపైన ఎనభై ఏళ్లలో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. 1964 నుంచి పాత బ్యాటరీల్లోని సీసం తీసే కర్మాగారం ఒకటి నడిచింది. చుట్టూ ఇళ్లు పెరిగాక గాలిలో సీసం గురించి జనం గొడవచేస్తే 2012లో మూతపడింది. 1990 నాటికి జనాభా ఆరువేల పైచిలుకు. ఈసారి రైలుకు బదులు టోల్‌వే వచ్చింది. పక్కనున్న ప్లేనో నిండిపోయి, అక్కడి కంపెనీల ఉద్యోగులు ఇళ్లకోసం ఉత్తరానికి చూశారు. 2000లో 33,714 మంది, 2010లో 1,16,989, 2020లో 2,00,509. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ లెక్కలోకి దండిగా చేరారు.

పన్నుల సంగతి మాత్రం వివరంగా అడిగి తెలుసుకున్నాను. డాలస్ చుట్టుపక్కల కొన్ని ఊళ్లు అమ్మకం పన్నులో ఒక శాతాన్ని డార్ట్ అనే బస్సు, రైలు సంస్థకు ఇస్తాయి. ఫ్రిస్కో అందులో చేరలేదు. ఆ శాతాన్ని చెరి సగం చేసి రెండు అభివృద్ధి కార్పొరేషన్లకు కేటాయించింది. 2000లో స్టోన్‌బ్రయర్ మాల్ తెరిచాక ఆ పన్ను బాగా పోగయింది. ఆ డబ్బు అండతోనే 2005లో సాకర్ స్టేడియం, 2016లో డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు కేంద్ర కార్యాలయం, 2022లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం వచ్చాయి. తెలివైన బేరమే. దాని ఖరీదు ఎవరు కడుతున్నారో కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో కనబడింది. ప్రసాదం వరసలో పలకరించిన తెనాలి పెద్దాయన, ‘‘గుడికి రావాలన్నా అబ్బాయి సెలవు చూసుకోవాలండీ. కాలు బాగానే ఉంది, కారు తోలడమే రాదు’’ అన్నారు. నలభై ఏళ్లు ఆర్టీసీ బస్సులో తిరిగిన మనిషికి ఇదో నిర్బంధమే. ఎండలో విశాలమైన ఆరు వరసల రోడ్డు దాటి కూరగాయలు తెచ్చుకోవడం నేనూ ప్రయత్నించి మానుకున్నాను.

స్కూళ్ల విషయంలో ఈ ఊరిది వేరే దారి. ఒక్క మహా ఉన్నత పాఠశాల కట్టకుండా, పిల్లలందరికీ ఆటలో, బ్యాండులో చోటు దొరకాలని మధ్యరకం హైస్కూళ్లు ఎక్కువగా కట్టుకుంటూ పోయారు. ఇప్పుడవి పన్నెండు. మనవాళ్లు ఇల్లు కొనేముందు వంటగది కంటే ముందు ఏ హైస్కూలు పరిధో చూసేది ఇందుకే. అయితే ఖాళీ స్థలం తరిగి ఇళ్ల ధరలు పెరిగేసరికి చిన్నపిల్లల కుటుంబాలు రావడం తగ్గింది. బడుల్లో చేరికలు పడిపోతున్నాయి. 2025లో ఒక మిడిల్ స్కూలునే మూసేశారు.

టోల్‌వే ఇంకా ఉత్తరానికి సాగుతోంది. ఆ కొసన ఉన్న సెలీనా, శాతం లెక్కన 2023లో అమెరికాలోనే అన్నిటికంటే వేగంగా పెరిగిన పట్టణం. తిరిగి వస్తూ మావాడు కారును ఇంటివైపు కాకుండా అటు మళ్లించాడు. ముగ్గులు పోసిన ప్లాట్లు చూపిస్తూ, ‘‘ఇక్కడ అదే డబ్బుకి ఇంకో గది వస్తుంది మావయ్యా. అమ్మావాళ్లు వచ్చినప్పుడు కింద పడగ్గది ఉంటుంది’’ అన్నాడు. బస్సు వస్తుందా అని అడిగాను. నవ్వి, సేల్స్ ఆఫీసు ముందు బండి ఆపాడు.