మా మేడ మీద కుందేటి కొమ్ములు

కుందేటి కొమ్ము అంటే లోకంలో లేని వస్తువని మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎంత తిరిగినా దొరకనిదాన్ని అలాగే అంటాం. కానీ ఉదయగిరి వైపు మెట్ట పల్లెల్లో ఏ మేకల కాపరినైనా అడిగి చూడండి... అవి ఎక్కడుంటాయో వేలు పెట్టి మరీ చూపిస్తాడు! కంపచెట్ల నీడన, రాళ్ళ సందుల్లో, చిటికెన వేలంత లావున నాలుగు పలకలుగా నిలబడి ఉంటాయి. ఆకులుండవు. ముళ్ళూ ఉండవు. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు. పక్కనే నిలబడ్డా చాలామందికి కనిపించవు. కాయలు మాత్రం జంటగా, సన్నగా, పైకి లేచి అచ్చం కొమ్ముల్లాగే ఉంటాయి. ఆ పేరు అందుకే వచ్చి ఉంటుందని నా ఊహ.

ఆ మొక్క ఇప్పుడు ఆత్మకూరులో మా మేడ మీద ఆరు కుండీల్లో ఉంది.

ఈ మధ్య సక్యులెంట్ల మోజు ఎక్కువైంది కదా. కాడల్లోనో ఆకుల్లోనో నీళ్ళు దాచుకుని బతికే కండ మొక్కలవి. కడియం నుంచి వచ్చే నర్సరీ బండ్లలో ఎడారి గులాబీలు, ఎర్రటి బంతిని అంటుకట్టిన కాక్టస్‌లు, రాయిలాంటి మొక్కలు బారులు తీరి ఉంటాయి. మా ఆఫీసులో ప్రతి బల్ల మీదా ఒకటుంది. వాటి ఊళ్ళు ఆఫ్రికా, దక్షిణ అమెరికా. నాకూ అవంటే ఇష్టమే. అయితే మన రాళ్ళగుట్టల మీదే పుట్టిన సక్యులెంట్‌ని ఏ నర్సరీలోనూ చూడలేదు.

నాలుగేళ్ళ కిందట ఉదయగిరి చెక్క చెంచాల మీద కథనం రాయడానికి వెళ్ళాను. 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన చెంచాలవి. పని తొందరగా అయిపోతే దుర్గం కింద గుట్టల వైపు నడిచా. మేకలు మేపుకుంటున్న పెద్దాయన ఒకరు ‘‘యాడికి పాపా ఈ ఎండలో?’’ అని పలకరించాడు. మాటల్లోనే పొద కిందకి చెయ్యి పోనిచ్చి ఒక కాడ తుంచాడు. కత్తితో అంచులు గీకి, సగం తను నమిలి సగం నాకిచ్చాడు. ముందు కాస్త పులుపు, వెంటనే చేదు. ‘‘ఇది నమిలి నీళ్ళు తాగితే సాయంత్రం దాకా ఆకలి కాదు’’ అన్నాడు. నాకు రెండు కాడలు కావాలంటే పైనుంచే కోసిచ్చాడు. ‘‘ఏరు మాత్రం పెరకబాక. ఆడ మళ్ళా రాదు’’ అని గట్టిగా చెప్పాడు.

ఇంటికి తెచ్చి అమ్మకి చూపించా. మా పుట్టిల్లు ఉదయగిరి దగ్గరే ఒక పల్లె. అమ్మ వాటిని చూడగానే కూరగాయల్ని చూసినట్టు చూసింది. ‘‘రెండేనా? చట్నీకి చాలవు గదే!’’ అంది.

అప్పుడు తెలిసింది, అమ్మ చిన్నతనంలో ఒక కరువు ఏడాది మా అవ్వ వీటితోనే పిల్లల్ని సాకిందని. గుట్టకి పోయి ఒడి నిండా కోసుకొచ్చేదట. అంచులు గీకి, ముక్కలు చేసి, చింతపండు నీళ్ళలో ఉడికించి, చేదు పోయేలా ఆ నీళ్ళు వంపేసేదట. తర్వాత ఎండుమిరపకాయలు, ఉప్పు, ఉంటే నాలుగు వేయించిన చెనిక్కాయలు వేసి రోట్లో నూరేది. సంగటిలోకి అదే కూర, అదే పచ్చడి. ‘‘ఆ ఏడాది సంగటి కూడా అందరికీ చాలేది కాదు. అందుకే ముందు ఇది పెట్టేది’’ అంది అమ్మ. ఎందుకు ముందు పెట్టేదో వెంటనే అర్థం కాలేదు నాకు. అయ్యాక ఏం మాట్లాడాలో తోచలేదు.

ఈ మొక్క గురించి చదవడం మొదలుపెట్టాక ఇంకో సంగతి తెలిసింది. సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి కోరమాండల్ తీరం మొక్కలెన్నింటినో బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. అప్పుడాయన పెట్టిన పేరు స్టపీలియా. తెలుగువాళ్ళు దీన్ని ‘కారల్లం’ అంటారని కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత సుమారు పదిహేనేళ్ళకి రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త దీనికోసం ఒక కొత్త ప్రజాతిని ఏర్పరిచి ‘కారల్లుమా’ అని పేరు పెట్టాడు. అరబ్బీ మాట నుంచి వచ్చిందని వాదించేవాళ్ళూ ఉన్నారు. కానీ రాక్స్‌బర్గ్ రాత కళ్ళముందుండగా అంత దూరం పోవడమెందుకో! అది కారడవిలోని కారో, నాలుక మీది కారమో గానీ అల్లం మాత్రం మనదే. ఆఫ్రికాలోనూ అరేబియాలోనూ పెరిగే దీని చుట్టాల్ని కూడా ప్రపంచమంతా ఈ తెలుగు మాటతోనే పిలిచింది. 2017లో కొందరు శాస్త్రవేత్తలు ఈ జాతులన్నిటినీ సెరోపీజియా అనే మరో ప్రజాతిలో కలిపేయాలన్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకూడదనే నాకూ ఉంది. శాస్త్రం సంగతి కాదులెండి, పేరు మీద మమకారం.

కాపరి చెప్పిన ఆకలి సంగతి మందుల కంపెనీలకీ చేరింది. దీని సారాన్ని గొట్టాల్లో నింపి, ఆకలి తగ్గించి సన్నబరిచే మందుగా విదేశాల్లో అమ్ముతున్నారు. బెంగళూరులో యాభైమంది మీద అరవై రోజులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆకలీ, నడుం చుట్టుకొలతా కొంత తగ్గాయనీ, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదనీ తేల్చారు. అమ్మకి చెబితే చాలాసేపు నవ్వింది. ‘‘డబ్బులిచ్చి ఆకలి చంపుకుంటారా?’’ అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అమ్మకి షుగరుంది. ఈ కాడలు తింటే తగ్గుతుందని వాళ్ళ ఊళ్ళో ఎవరో చెప్పారట. తింటే తినమన్నా గానీ మాత్రలు మానడానికి మాత్రం ఒప్పుకోలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మానతానంటే మీరూ ఒప్పుకోవద్దు.

ఇక పెంపకం. ఆ రెండు కాడల్నీ వెంటనే నాటలేదు. కోసిన చోట గాయం ఆరాలని వారం రోజులు నీడన వదిలేశా. కుండీ మట్టిదే మేలు, వెడల్పుగా లోతు తక్కువగా ఉండాలి. పెన్న ఇసుక రెండు పాళ్ళు, చిన్న గులకరాళ్ళు ఒక పాలు, గుట్టమట్టి ఒక పాలు, గుప్పెడు పాత పేడ ఎరువు. అంతే. నల్లరేగడి వద్దు, తడి పట్టుకుంటుంది. అడవిలో పొదల చాటున పెరిగే మొక్క కదా, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకూడదు. పొద్దుటి ఎండ చాలు. నేను మల్లెపొద పక్కన పెట్టా. ఎండాకాలంలో పది, పదిహేను రోజులకోసారి తడిపితే చాలు. కాడలు ముడతలు పడితే దాహమని అర్థం. మెత్తబడి రంగు మారితే నీళ్ళెక్కువై కుళ్ళుతోందని అర్థం. కుళ్ళు కనిపిస్తే బాగున్న పైభాగం కోసి, ఆరబెట్టి మళ్ళీ నాటుకోవాలి.

మన జిల్లాలో చిక్కు ఎండాకాలంతో కాదు, వానాకాలంతో. వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. వాయుగుండం పడితే మూడు రోజులు ముసురు వదలదు. అప్పుడు కుండీలన్నీ మెట్ల గది చూరు కిందకి చేరాల్సిందే. నేను నెల్లూరు ఆఫీసులో ఉండగా వాన మొదలైతే అత్తయ్యకి ఫోన్ చేస్తా. పాపం ఆమే మోస్తుంది. అత్తయ్యతో వచ్చే పేచీ ఒకటే. తులసికి పోసిన చెంబులో నీళ్ళు మిగిలితే పారబొయ్యడానికి ఆమెకి మనసొప్పదు. ‘‘నోరు లేని జీవం, ఎండగట్టి చంపుతావా?’’ అని వీటికీ పోస్తుంది. మొదటి ఏడాది ఒక కుండీ అలా పోయింది. రణపాల చూపించి ఒప్పించా. తెల్లవారుతూనే ఒక ఆకు, సాయంత్రం ఇంకో ఆకు నమలమన్నా. పొద్దుటిది పుల్లగా ఉంది, సాయంత్రానికి ఆ పులుపు లేదు. ఇలాంటి మొక్కలు నీరు ఆవిరైపోకుండా పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఆ పీల్చిన బొగ్గుపులుసు గాలిని ఆమ్లంగా దాచుకుని పగలు వాడుకుంటాయి. మన దేశంలో పనిచేసిన బెంజమిన్ హేన్ అనే వైద్యుడు ఇలా ఆకు నమిలే ఈ వింత కనిపెట్టాడు. ఆయన రాసిన ఉత్తరం 1815లో అచ్చయింది. కుందేటి కొమ్ములదీ అదే పద్ధతి. ‘‘అయితే రాత్రిళ్ళు మేలుకుంటాయన్నమాట’’ అంది అత్తయ్య. అప్పటినుంచీ చెంబు అటు తిప్పలేదు.

పిండినల్లి పడుతుంది. కాడల మీదైతే బ్రష్‌తో తుడిచేయొచ్చు. వేళ్ళకి పడితేనే కష్టం. అందుకే ఏడాదికోసారి కుండీ విప్పి చూడాలి.

గుట్టల నుంచి తెచ్చుకుందామనుకునేవాళ్ళకి ఒక జాగ్రత్త. బొంతజెముడు, ఆకుజెముడు లేత కాడలు కూడా పలకలుగా ఉండి మోసం చేస్తాయి. గిల్లితే చిక్కటి తెల్లపాలు వచ్చాయంటే అది జెముడు. తినకూడదు, ఆ పాలు కంట్లో పడితే ఇంకా ప్రమాదం. కుందేటి కొమ్ము గిల్లితే నీళ్ళలాంటి రసమే వస్తుంది. అంతా చూసినా అనుమానం మిగిలితే నోట్లో పెట్టుకోవద్దు.

మా కుండీల్లో రెండు రకాలున్నాయి. కాపరి ఇచ్చినది సన్నరకం. కాడ చివర్లు తోకలా సాగి అక్కడ చిన్న చిన్న పూలు వేలాడతాయి. రెండోది బొటనవేలంత లావు. మా పల్లె గుట్ట నుంచి అమ్మ తెప్పించింది. దాని పూలు కాడ కొసన గుత్తిగా, నిమ్మకాయ కంటే పెద్ద బంతిలా విచ్చుకుంటాయి. ముదురు ఊదారంగు మీద పసుపు చారలు. దగ్గరికి వెళ్ళారో... చచ్చిన ఎలక వాసన! పరాగ సంపర్కానికి తేనెటీగలు కాదు, ఈగలు కావాలి దానికి. మొదటిసారి పూసినప్పుడు మా పక్కింటివాళ్ళు నీళ్ళ తొట్టిలో ఏదో పడిందని మూత తీసి వెతికారు. మా పాప మాత్రం ముక్కు పట్టుకుని మరీ ఆ బంతి బొమ్మ గీసింది.

ఉదయగిరి దుర్గాన్ని 1514లో పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకి ఏడాదికి పైగా ముట్టడి పట్టింది. అన్నాళ్ళు కొండ మీద వాళ్ళు ఏం తిని ఉంటారోనని అప్పుడప్పుడూ అనుకుంటా. అవ్వ సంగతి విన్నాక వచ్చిన ఆలోచన ఇది, చరిత్ర కాదు.

లావురకం తెచ్చిన మా పల్లె గుట్ట ఇప్పుడు సగమే ఉంది. మూడేళ్ళుగా గ్రావెల్ తోలుతున్నారు. కాగితాల్లో అది ఎందుకూ పనికిరాని నేల. పొదలు పోయాక వాటి నీడన ఉన్నవీ పోయాయి. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మా నేనూ మధ్యాహ్నం దాకా వెతికితే ఉత్తరం వైపు మూడు దుబ్బులు కనిపించాయి. అమ్మ కొయ్యలేదు. చుట్టూ కంప లాగి కప్పి వచ్చింది.

మా మేడ మీదివి మాత్రం దుబ్బులు కట్టాయి. కిందటి నెల అమ్మ వచ్చి ఒక్కో కుండీలో కాడలు లెక్కపెట్టింది. వేరు కదలకుండా, పైనుంచి, కుండీకి నాలుగు చొప్పున కోసింది. సగం రోట్లోకి వెళ్ళాయి. మిగతా సగం కోసిన వైపు పైకి పెట్టి చేటలో ఆరబెట్టింది. వానలు వెనకబట్టాక వాటిని గుట్టకి తీసుకెళ్ళి ఉత్తరం వైపు పొదల కింద గుచ్చుతుందట.

చేట ఇంకా మెట్ల గదిలోనే ఉంది. దాని మీద నీళ్ళు చల్లొద్దని అత్తయ్యే అందరికీ చెబుతోంది.