మార్బుల్ కాదు... మడమ చూడండి!

అమ్మని అప్పగించబోయే చోటు మంచిదో కాదో తేల్చేదెవరు? అమెరికాలో అయితే నక్షత్రాలున్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మాత్రం ఆ పని పెద్దకూతురిదే!

తెనాలి బస్టాండు బయట ఆటో ఎక్కి 'నర్సింగ్‌హోమ్‌కి పోనివ్వు బాబూ' అంటే, అతను వెనక్కి తిరిగి 'ఏ డాక్టరుగారిదండీ?' అంటాడు. మనకి నర్సింగ్‌హోమ్ అంటే డాక్టరు దంపతులు పైన కాపురముండి కింద నడిపే పది పదిహేను పడకల ఆసుపత్రి. అందుకే డాలస్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి 'అమ్మకి మంచి నర్సింగ్‌హోమ్ ఒకటి చూడక్కా' అన్నప్పుడు తెనాలిలో ఉన్న అక్కకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

'ఆపరేషనయి ఇంటికొచ్చేసిందిగా, మళ్లీ నర్సింగ్‌హోమ్ దేనికిరా?'

'అది కాదక్కా... ఓల్డేజ్ హోమ్ లాంటిదే. కాకపోతే నర్సులుండేది.'

కాసేపు ఇటువైపు నుంచి మాటల్లేవు.

అమ్మకి 78 ఏళ్లు. భట్టిప్రోలు పక్కన పల్లెటూరు. బాత్రూంలో కాలు జారింది, తుంటి విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఎముక అతికింది కానీ నడక మాత్రం తిరిగి రాలేదు. పెద్దకూతురికి అరవై దగ్గరపడుతున్నాయి. మూడో అంతస్తులో ఇల్లు, అరిగిపోయిన మోకాళ్లు. చిన్నకూతురు బాపట్లలో టీచరు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఇంట్లో ఆయాని పెట్టి చూశారు. రెండు నెలల్లో ముగ్గురు మారారు. అమ్మని వదిలించుకోవాలని ఎవరికీ లేదు, ఎత్తి కూర్చోబెట్టే చేతులే లేవు. 'ముగ్గురు పిల్లలుండీ ఆశ్రమంలో పడేశారు' అనే మాట మాత్రం బంధువుల దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. 'ఏ ఆశ్రమం? అక్కడెలా చూస్తున్నారు?' అని అడిగేవాళ్లే తక్కువ.

తమ్ముడు అడిగాడు. కానీ ఆయన ప్రశ్న వేరు. 'రేటింగ్ ఎంతక్కా?'

పాపం, ఆయనున్న చోట అది సహజమే. అమెరికా ప్రభుత్వం 2008 చివర్లో నర్సింగ్‌హోమ్‌లకి ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలివ్వడం మొదలుపెట్టింది. తనిఖీల్లో ఏం బయటపడింది, ఎంతమందికి ఎంతమంది సిబ్బంది ఉన్నారు, పడక పుండ్లు ఎందరికి వచ్చాయి... ఇలాంటివన్నీ చూసి ఇస్తారు. వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొడితే చాలు, జాబితా వచ్చేస్తుంది. తనిఖీకి వచ్చేవాళ్లు ముందుగా చెప్పరు కూడా. అలాగని అదంతా స్వర్గమేం కాదు. సిబ్బంది లెక్కలు చాలా ఏళ్లపాటు ఆ సంస్థలు సొంతంగా రాసిచ్చినవే కావడంతో నక్షత్రాల మీద అక్కడా బోలెడు విమర్శలొచ్చాయి. అయినా ఏదో ఒకటి ఉంది.

మరి మన దగ్గర? ఆసుపత్రులకి, నర్సింగ్‌హోమ్‌లకి మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వృద్ధాశ్రమం ఆసుపత్రి కాదు కాబట్టి ఆ లెక్కలోకి రాదు. తల్లిదండ్రుల పోషణకి 2007లో కేంద్రం చట్టం చేసింది. చూడని పిల్లల మీద ఫిర్యాదు చెయ్యొచ్చు. జిల్లాకొక వృద్ధాశ్రమం ఉండాలనీ అందులో ఉంది. ప్రైవేటు ఆశ్రమాలన్నీ నమోదు కావాలి, తిండికీ వైద్యానికీ కనీస ప్రమాణాలుండాలి అంటూ 2019 డిసెంబరులో ఒక సవరణ బిల్లు లోక్‌సభకి వచ్చింది. ఆమోదం పొందకుండానే 2024లో ఆ సభ కాలం ముగిసింది, బిల్లూ దాంతోపాటే పోయింది. అంటే... తమ్ముడు అడిగిన రేటింగ్ ఇవ్వాల్సింది అక్కే!

సిస్టరుగారి సలహా

పెద్దకూతురు మొదట వెళ్లింది తెనాలిలోని ఒక హోమ్‌కి. పదకొండింటికి రమ్మన్నారు, పదకొండింటికే వెళ్లింది. నున్నటి మార్బుల్, గోడకి పెద్ద టీవీ, మూలమూలకీ సీసీ కెమెరా. పెద్దవాళ్లంతా తల దువ్వుకుని, పౌడరు రాసుకుని కుర్చీల్లో ఉన్నారు. నిర్వాహకుడు ఎంతో మర్యాదగా అంతా తిప్పి చూపించాడు, కాఫీ ఇచ్చాడు. ఆవిడ బయటికొస్తూనే ఫొటోలు తమ్ముడికి పంపింది. 'సూపర్ అక్కా' అని జవాబొచ్చింది.

ఎదురింట్లో ఒక రిటైర్డు స్టాఫ్‌నర్సు ఉంటారు. ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై ఏళ్లకి పైగా చేసిన మనిషి. ఫొటోలన్నీ చూసి, ఫోన్ తిరిగిచ్చేస్తూ ఆవిడన్నది ఇదీ. 'మార్బుల్ బాగుందమ్మా. మడమలు చూశావా?'

మడమలా?

మంచం మీద కదలని మనిషికి మొదట దెబ్బతినేది అక్కడే. మడమలు, నడుం కింద తోక ఎముక దగ్గర, తుంటి పక్కన, భుజం రెక్కల మీద... ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి రక్తం ఆడదు. మొదట ఎర్రగా కందుతుంది. వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదు, రక్తం తిరుగుతోందన్నమాట. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. మన మేనిఛాయల్లో ఎరుపు కనపడకపోవచ్చు. నల్లగా కమిలినట్టో, పక్క చర్మం కంటే వేడిగానో, గట్టిగానో తగులుతుంది. మొదట్లో పట్టుకుంటే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. వదిలేస్తే ఎముక దాకా దిగుతుంది, నెలల తరబడి మానదు, ప్రాణం మీదకీ తెస్తుంది. దీనికి మందు కంటే ముందు కావాల్సింది మనిషి. సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పే మనిషి. పగలే కాదు, రాత్రి కూడా. 'ఎయిర్‌బెడ్ వేశామండీ' అంటే సరిపోదు, దాని మీద పడుకున్నవాళ్లనీ తిప్పాల్సిందే.

'చెప్పకుండా వెళ్లు. భోజనాలయ్యాక, మూడింటికి వెళ్లు. అప్పుడు తెలుస్తుంది' అన్నారు సిస్టరుగారు.

మూడింటికి మళ్లీ వెళ్లింది. టీవీ ఆపేసి ఉంది. ముందు హాలు ఖాళీ. పొద్దున చూపించని వెనక గది తలుపు తెరిచే ఉంది. మంచాల మీద పదకొండు మంది. ఒక్క ఆయా. ఆ అమ్మాయి ఒకరికి డైపరు మారుస్తుంటే ఇంకొకరు పిలుస్తున్నారు. నీళ్ల గ్లాసులున్నాయి, నిండుగా ఉన్నాయి... కిటికీ గట్టు మీద, ఎవరి చేతికీ అందనంత దూరంలో. నీళ్లు ఎక్కువ తాగితే ఎక్కువసార్లు బట్టలు మార్చాలి కదా! ఆ లెక్క ఎవరూ నోటితో చెప్పరు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దాంతో మాట తడబాటు, మనిషి మగత. 'వయసైపోయింది కదండీ, మతి తప్పింది' అనేస్తారు. రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి వచ్చిన మార్పుని వయసు ఖాతాలో వేయకూడదు.

మూల మంచం మీదావిడకి ముక్కులో గొట్టం ఉంది. కుడి మణికట్టు పాత చీర పేలికతో మంచం కోడుకి కట్టేసి ఉంది. 'పైపు పీకేసుకుంటున్నారమ్మా మామ్మగారు, నేనొక్కదాన్నే కదా' అంది ఆయా, తలదించుకుని. సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని కట్టేయకూడదని అమెరికాలో 1987లోనే చట్టం చేశారు. ఆ చట్టం సంగతి తమ్ముడికి తెలుసో లేదో మరి. ఈసారి మాత్రం అక్క ఫొటో పంపలేదు. ఆవిడ ఎవరి తల్లో!

ఇందులో ఆయాని తిట్టి లాభం లేదు. పన్నెండు గంటల డ్యూటీలో పదకొండు మందిని రెండు గంటలకోసారి తిప్పడం, తినిపించడం, కడగడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అడగాల్సింది యజమానిని. అది కూడా 'మొత్తం స్టాఫ్ ఎంతమంది?' అని కాదు. 'రాత్రి రెండింటికి మెలకువగా ఉండేదెవరు?' అని.

రెండో జిల్లా, మూడో ఇల్లు

బాపట్లలో చిన్నకూతురు చూసినది ఒక ట్రస్టువాళ్లది. పాత పెంకుటిల్లు, నవారు మంచాలు. హడావిడి లేదు. పెద్దవాళ్లు చెట్టు కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు, అంటే బతికున్నట్టు ఉన్నారు! ఆమెకి ఎంతో నచ్చింది. తీరా 'మీ అమ్మగారు సొంతంగా బాత్రూంకి వెళ్లగలరా?' అని అడిగారు. లేదంటే తీసుకోరట. మన దగ్గర చాలా ఆశ్రమాల పద్ధతి ఇదే. నడిచేవాళ్లకే చోటు, మంచాన పడితే ఇంటికి కబురు. కాబట్టి ఎవరిని చేర్చేటప్పుడైనా 'రేపు లేవలేకపోతే ఏం చేస్తారు?' అని ఈరోజే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. డబ్బు సంగతీ అంతే. డైపర్లు, మందులు, ఆసుపత్రి ఖర్చు నెల రుసుములో కలిసినవా, కావా? పేదవాళ్ల ఆశ్రమమైతే 1వ తేదీన వచ్చే పింఛను ఎవరి చేతిలో పడుతోంది?

ఇక రేపల్లె. అమ్మ మనసు అటే ఉంది. ఊరి వాసన తగులుతుందట. అద్దె ఇంట్లో ఎనిమిది మంచాల హోమ్, నడిపేది నర్సింగ్ చదివిన ఒకావిడ. పెద్దకూతురు ఈసారి అడగకుండానే మూడింటికి వెళ్లింది. గుమ్మానికి మూడు మెట్లు, ర్యాంపు లేదు. గోడలకి రంగు వేసి ఎన్నేళ్లయిందో. మంచాన ఉన్నవాళ్లు నలుగురు, ఆయాలు ఇద్దరు. ఒకావిడని దిళ్లు వేసి నిటారుగా కూర్చోబెట్టి రాగిజావ తాగిస్తున్నారు. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ సంగతి తెలిసిన చెయ్యి అది. పెద్దకూతురు మొహమాటపడుతూనే 'ఒకసారి వీళ్ల మడమలు చూడొచ్చా?' అంది. నిర్వాహకురాలు ఆశ్చర్యపోలేదు. 'మామ్మగారూ, దుప్పటి తీస్తున్నానండీ' అని ఆ పెద్దావిడకి చెప్పి, ఆవిడ సరేనన్నాకే తీసింది. పెద్దకూతురు మనసులో సగం మార్కులు అక్కడే పడ్డాయి.

మిగతా సగం అంత తేలిగ్గా పడలేదు. రేపల్లె సముద్రానికి దగ్గర. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. కరెంటు పోతే ఎయిర్‌బెడ్ ఏమవుతుంది? ఉన్నది ఇన్వర్టరే, జనరేటరు లేదు. అర్ధరాత్రి ఆయాసం వస్తే గుంటూరు పెద్దాసుపత్రికి తెనాలి మీదుగా ఎంత దూరం! 108 వస్తుంది, కానీ తోడెక్కేదెవరు? నిర్వాహకురాలు ఏదీ దాచలేదు. 'జనరేటరు కొనే స్తోమత నాకింకా లేదమ్మా. తుపానుకి ముందే ఇళ్లకి ఫోన్ చేస్తాను, మీలో ఒకరు రావాలి' అంది. మార్బుల్ హోమ్‌లో ప్రతి ప్రశ్నకీ 'నో ప్రాబ్లమ్ మేడమ్' అన్న జవాబే వచ్చింది.

ఫిర్యాదు ఉంటే ఎక్కడ చెప్పుకోవాలో కూడా కనుక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. రైల్లో గంట ప్రయాణం, కలెక్టరు మాత్రం వేరు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 అన్ని చోట్లా ఒక్కటే. ఆ నంబరు ఆవిడ అమ్మ మంచం పక్క గోడ మీద పెద్ద అంకెలతో రాసి అంటించింది.

ఇంత తిరిగాక చిన్నకూతురికి గుర్తొచ్చింది, అమ్మని ఎవరూ అడగలేదని. అడిగితే ఆవిడ ఫీజు అడగలేదు, ఫ్యాను గురించి అడగలేదు. 'రాత్రిపూట పిలిస్తే పలుకుతారంటనా?' అంది. మరి కాసేపటికి 'రాత్రి పెరుగన్నం పెడతారో లేదో కనుక్కోండి. చపాతీలు నావల్ల కాదు' అంది.

ముందు ఒక నెలకని చేర్చారు. చేరిన రోజు బరువు 46 కిలోలు, నోటుబుక్కులో మొదటి వరస అదే. నెలలో రెండు కిలోల పైన తగ్గితే ఆలోచించాలని సిస్టరుగారు చెప్పి పంపారు. అక్కాచెల్లెళ్లు వారాలు పంచుకున్నారు, కానీ ఫలానా రోజని పెట్టుకోలేదు. మొన్న పెద్దకూతురు రేపల్లె ప్యాసింజరు దిగి వెళ్లేసరికి అమ్మ కుడి మడమ మీద రూపాయి బిళ్లంత ఎరుపు. గుండె ఝల్లుమంది. వేలితో నొక్కి చూసింది. తెల్లబడింది, మళ్లీ ఎర్రబడింది. నిర్వాహకురాలిని పిలిచేలోపే ఆవిడ నోటుబుక్కు తెచ్చి చూపించింది. 'కుడి మడమ, ఎరుపు' అని ఆరోజు పొద్దున ఆరున్నరకే రాసి ఉంది. అమ్మ పిక్క కింద అప్పటికే ఒక దిండు ఉంది, మడమ పరుపుకి తగలకుండా.